ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన ఉస్మానియా: ఆ మార్పు మన పిల్లలకు ఏం చెబుతోంది?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో మన్సూరాబాద్‌లోని మా గల్లీలో నాకు పని పెరుగుతుంది. బీకాం చదివి రిపోర్టర్ అయిన పిల్లాడు కాబట్టి కాలేజీల సంగతి అంతా తెలుసని పెద్దవాళ్ళ నమ్మకం. ఈసారి ఎదురింటి చాచా వచ్చి కూర్చున్నారు. ఆయన కూతురు టెన్త్, ఇంటర్ రెండూ ఉర్దూ మీడియంలోనే చదివింది. మార్కులు బాగానే వచ్చాయి. 'దోస్త్‌లో ఆప్షన్లు పెట్టాలె బేటా. డిగ్రీ ఇంగ్లీష్ మీడియంలో తట్టుకుంటదా? లేకపోతే ఉర్దూలోనే చదివిస్తే రేపు నౌకరీ దొరుకుతదా?' అని అడిగారు.

సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఇది చాచా ఒక్కరి ప్రశ్న కాదు. దాదాపు 75 ఏళ్ళ కిందట ఒక యూనివర్సిటీ మొత్తానికి ఇదే ప్రశ్న ఎదురైంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంబర్‌పేట మీదుగా వెళ్తే అరగంట, ముప్పావుగంటలో చేరే ఉస్మానియా అది. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఫలితం మన ఇళ్ళల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. మాతృభాషలో ఉన్నత విద్య అని ఒకవైపు, విదేశీ యూనివర్సిటీలే ఇక్కడికి వస్తున్నాయని మరోవైపు ప్రభుత్వాలు చెబుతున్న ఈ సమయంలో ఆ కథ మరోసారి చూసుకోవడం మంచిది.

నిజాం రాజ్యంలో కొత్త ప్రయోగం

1857లో బ్రిటిష్ వాళ్ళు కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో యూనివర్సిటీలు పెట్టారు. చదువంతా ఇంగ్లీషులోనే. హైదరాబాద్ బ్రిటిష్ వాళ్ళ నేరుగా పాలనలో లేదు. అయినా కోఠీలో రెసిడెంట్ కూర్చునేవాడు, మన నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. హైదరాబాద్ పిల్లాడికి డిగ్రీ కావాలంటే మద్రాసు వాళ్ళు పెట్టిన పరీక్ష ఇంగ్లీషులో రాయాల్సిందే.

దీన్ని మార్చాలని నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అక్బర్ హైదరీ 1917లో ఒక మెమొరాండం సమర్పించారు. పరాయి భాషలో చదివితే పిల్లల తెలివి మొత్తం భాష పట్టుకోవడానికే ఖర్చవుతుందనేది ఆయన వాదన. బొంబాయి ప్రాంతం నుంచి వచ్చిన హైదరీ కుటుంబ భాష ఉర్దూ కాదన్నది కూడా గమనించాలి. 1917 ఏప్రిల్ 26న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1919లో 225 మంది విద్యార్థులు, 25 మంది ఉపాధ్యాయులతో గన్‌ఫౌండ్రీ దగ్గర తరగతులు మొదలయ్యాయి. ఇంగ్లీషును తీసేయలేదు, అందరూ తప్పనిసరిగా చదవాల్సిన సబ్జెక్టుగా ఉంచారు. మిగతావన్నీ ఉర్దూలో. హిస్టరీ నుంచి ఫిజిక్స్ దాకా, తర్వాత ఇంజినీరింగ్, డాక్టరీ కూడా.

ఇదంతా ఆర్డర్ ఒకటి వేస్తే అయ్యే పని కాదని వాళ్ళకు తెలుసు. అందుకే యూనివర్సిటీ కంటే ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. తొలి రోజుల్లో దాన్ని మౌల్వీ అబ్దుల్ హఖ్ నడిపారు. సైన్స్ పదాలను ఉర్దూలో ఎలా చెప్పాలి, అరబీ నుంచి తీసుకోవాలా, ఫార్సీ నుంచా, ఇంగ్లీషు మాటనే ఉంచాలా అని కమిటీలు కూర్చుని తేల్చేవి. ముందు పుస్తకం, తర్వాత క్లాసు అన్నది వాళ్ళు పాటించిన వరుస. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

జపాన్ నుంచి జర్మనీ దాకా

ఉర్దూ మీడియం అనగానే తలుపులు మూసుకుని కూర్చున్న చదువు అనుకుంటాం. ఉస్మానియా విషయంలో జరిగింది దానికి పూర్తిగా భిన్నం. హైదరాబాద్ విద్యాశాఖ డైరెక్టర్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్ళి అక్కడి బడులు, యూనివర్సిటీలు చూసొచ్చారు. తిరిగొచ్చి పెద్ద పుస్తకమే రాశారు. జపాన్ వాళ్ళు మొదట విదేశీ ప్రొఫెసర్లను పిలిపించుకున్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, ఆ తర్వాత ఆ జ్ఞానమంతా తమ భాషలో పెట్టుకుని తమవాళ్ళతోనే నడిపించుకున్నారు. హైదరాబాద్ కూడా ఆ దారిలో పోవచ్చని ఆయన ఆశ.

క్యాంపస్ కట్టడానికి ఇద్దరు ఆర్కిటెక్టులను, నవాబ్ జైన్ యార్ జంగ్‌ను, సయ్యద్ అలీ రజాను, దేశదేశాల యూనివర్సిటీలు చూడ్డానికి పంపారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ చేత డిజైన్ చేయించారు. 1939 డిసెంబర్‌లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే ఒకే గోడలో అజంతా, ఎల్లోరా గుహల స్తంభాలు, మన మసీదుల కమాన్లు కలిసి కనిపిస్తాయి.

మనుషుల సంగతి చూడండి. ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా జర్మనీలోని బాన్‌లో, పారిస్ సోర్బాన్‌లో డాక్టరేట్లు చేసి తిరిగొచ్చి ఇక్కడే అంతర్జాతీయ న్యాయం బోధించారు. రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జి, లైప్‌జిగ్ దాకా వెళ్ళి కొత్త ఫిజిక్స్ నేర్చుకుని ఉస్మానియాకు తిరిగొచ్చారు. ఫిలాసఫీ ప్రొఫెసర్ ఖలీఫా అబ్దుల్ హకీం హైడెల్‌బర్గ్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ చాదర్‌ఘాట్ హైస్కూల్‌కు హెడ్మాస్టర్‌గా పనిచేశారు, 1927 నుంచి 'ఇస్లామిక్ కల్చర్' అనే పరిశోధన పత్రికను ఈ నగరం నుంచే నడిపారు. 1938లో రవీంద్రనాథ్ టాగూర్‌కు ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. దేశభాషలో ఉన్నత విద్య అన్న ఆలోచనను ఆయన మొదటి నుంచీ మెచ్చుకున్నారు.

మన వైపు లోటు కూడా చెప్పుకోవాలి

ఇక్కడిదాకా చదివి గర్వపడితే సరిపోదు. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్ళు. మరాఠీ వాళ్ళు పావు వంతు, కన్నడం వాళ్ళు కొంత. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు పదో వంతు కంటే కాస్త ఎక్కువ. పరాయి భాష భారం తీసేయాలన్న హైదరీ వాదనను నల్గొండ, వరంగల్ రైతుబిడ్డ వైపు నుంచి చూస్తే ఏమవుతుంది? అతనికి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. తెలుగు అక్కడ ఒక సబ్జెక్టు మాత్రమే. రాయప్రోలు సుబ్బారావు లాంటి కవి తెలుగు శాఖలో పనిచేసినా, మిగతా క్లాసుల్లో తెలుగుకు చోటు లేదు.

ఆ కోపం ఎక్కడో ఒకచోట బయటపడాల్సిందే. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దని ఆపినప్పుడు సమ్మె జరిగింది. వందలమంది విద్యార్థులను బయటికి పంపారు. చాలామందికి నాగపూర్ యూనివర్సిటీ చోటిచ్చింది. తర్వాత ప్రధానమంత్రి అయిన పీవీ నరసింహారావు ఆ విద్యార్థుల్లో ఒకరు.

అయితే ఆ చదువు తెలుగువాళ్ళకు నష్టమే చేసిందని కూడా అనలేం. సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివి తెలుగు కవి అయ్యారు. ఉర్దూ బాగా వచ్చిన దాశరథి గాలిబ్ గజళ్ళను తెలుగులోకి తెచ్చారు. రెండు భాషల మధ్య అలాంటి రాకపోకలు ఇంకో యాభై ఏళ్ళు సాగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

యుద్ధం ముగిసింది, ప్లాన్లు మొదలయ్యాయి

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో దేశమంతా రేపటి చదువుల గురించి లెక్కలు వేస్తోంది. 1944లో సార్జెంట్ నివేదిక వచ్చింది. ఇంగ్లండ్ స్థాయికి మన చదువు చేరడానికి 40 ఏళ్ళు పడుతుందని, హైస్కూల్ దాకా మాతృభాషలోనే చెప్పాలని అన్నది. అటు కోస్తాలో 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక ఆంధ్ర యూనివర్సిటీ వాల్తేరు వదిలి గుంటూరులో తలదాచుకుంది. యుద్ధం తర్వాత మళ్ళీ సొంత గూటికి చేరి కొత్తగా మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది.

ఉస్మానియాకు మాత్రం యుద్ధం తర్వాత ఇంకో తుఫాను ఎదురైంది. 1947లో నిజాం కాలేజీ మద్రాసు నుంచి విడిపోయి ఉస్మానియాలో కలిసింది. అంటే ఉర్దూ యూనివర్సిటీ గొడుగు కిందికి ఇంగ్లీషు కాలేజీ ఒకటి వచ్చింది. రెండు మీడియాలూ పక్కపక్కన నడిచే అవకాశం అప్పుడు కనిపించింది. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలై అయిదు రోజుల్లో ముగిసింది. ఆ తర్వాత మరఠ్వాడా, బీదర్, ఉస్మానాబాద్ వైపు మన కుటుంబాలు ఏం చూశాయో పండిట్ సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ గాయం ఉన్న ఇళ్ళకు యూనివర్సిటీలో భాష మారడం చిన్న విషయంలా కనిపించి ఉంటుంది.

చిన్న విషయం కాదది. పోలీస్ యాక్షన్ తర్వాత కొద్ది కాలంలోనే బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. యూనివర్సిటీ ముద్ర మీద నిజాం కిరీటం పోయింది. అప్పటి వైస్ చాన్సలర్ నవాబ్ అలీ యావర్ జంగ్ ఇక్కడివాడే. అంతకుముందు కూడా ఒకసారి ఆ పదవిలో ఉన్నారు, తర్వాత అలీగఢ్‌కు వైస్ చాన్సలర్ అయ్యారు. దీన్ని ఎవరో బయటివాళ్ళు వచ్చి ఉర్దూను తరిమేసిన కథగా చెప్పుకుంటే సగం నిజమే అవుతుంది. కొత్త దేశంలో ఉస్మానియా డిగ్రీకి మద్రాసులో, ఢిల్లీలో విలువ ఉండాలి, సర్వీసు పరీక్షలు ఇంగ్లీషులో ఉన్నాయి, రాజ్యంలో ఎక్కువమంది భాష ఉర్దూ కాదు. ఆ కారణాల్లో బలం ఉంది.

విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కమిషన్ దేశమంతా తిరుగుతోంది. ఉన్నత విద్యలో ఇంగ్లీషు స్థానంలోకి వీలైనంత త్వరగా భారతీయ భాషలు రావాలని 1949లో అది నివేదిక ఇచ్చింది. దేశం ఏ దిక్కుకు పోవాలని కమిషన్ చెప్పిందో, ఆ దిక్కులో 30 ఏళ్ళ అనుభవం ఉన్న ఒకే ఒక పెద్ద యూనివర్సిటీ సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగింది. ఉర్దూ పోయిన చోటికి తెలుగు కూడా రాలేదు. తెలుగులో డిగ్రీ పుస్తకాల కోసం తెలుగు అకాడమీ పెట్టడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత 1950ల మొదట్లో ఉస్మానియాను కేంద్రం తీసుకుని హిందీ యూనివర్సిటీగా మార్చాలన్న ఆలోచన వచ్చింది. ఇక్కడ వ్యతిరేకత రావడంతో అది ముందుకు సాగలేదు. కేంద్ర యూనివర్సిటీ 1974లో వేరేగా వచ్చింది. ముల్కీ, జై ఆంధ్ర గొడవల తర్వాత ఆరు సూత్రాల పథకంలో భాగంగా, 371ఇ ఆర్టికల్ ద్వారా.

ఆ మార్పు ఖర్చు ఎవరి ఖాతాలో పడింది?

కామర్స్ చదివినోడిని కాబట్టి నాకు ఏ నిర్ణయం చూసినా ఈ ప్రశ్నే వస్తుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఒక ఉత్తర్వుతో పని అయిపోయింది. లెక్క విద్యార్థుల ఖాతాలో పడింది.

మా దాదాజాన్ పెద్దన్న ఆ రోజుల్లో ఇంటర్ సైన్సు చదువుతున్నారు. లెక్కలు, కెమిస్ట్రీ అంతా ఉర్దూలో నేర్చుకున్న మనిషి. ఏడాది తిరిగేసరికి క్లాసులో పాఠం ఇంగ్లీషులో నడిచింది. చెప్పే సారుకు కూడా కష్టంగానే ఉండేదట. పరీక్ష పోయింది. మళ్ళీ కట్టలేదు. బేగంబజార్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ జీవితం గడిపారు. ఆయన పెట్టెలో ఉర్దూ కెమిస్ట్రీ పుస్తకం చాలా కాలం ఉండేదని దాదాజాన్ చెప్పేవారు. 'భాయ్ ఫెయిల్ కాలేదు, కితాబ్ ఫెయిల్ అయింది' అనేవారు.

ఇలాంటి కథలు పాత కుటుంబాల్లో చాలా ఉంటాయి. పైన పేర్లు చెప్పిన పెద్దల సంగతీ చూడండి. హమీదుల్లా 1948లో హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన బృందంలో ఉన్నారు. తిరిగి రాలేదు. దశాబ్దాలపాటు ఏ దేశ పౌరసత్వమూ లేకుండా పారిస్‌లో ఉండి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. రజీయుద్దీన్ పాకిస్తాన్ వెళ్ళి ఇస్లామాబాద్‌లో కొత్త యూనివర్సిటీకి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఖలీఫా అబ్దుల్ హకీం లాహోర్ చేరారు. మనం ఖర్చు పెట్టి చదివించుకున్న మనుషులు వేరేవాళ్ళకు యూనివర్సిటీలు కట్టిపెట్టారు. ఇక్కడే ఉండి పనిచేసినవాళ్ళూ ఉన్నారు. హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీలు, కుతుబ్‌షాహీల చరిత్ర రాసి, దక్కన్‌లో హిందూ ముస్లింలు కలిసి కట్టుకున్న సంస్కృతిని ప్రపంచానికి చూపించారు.

ఇంగ్లీషు వల్ల లాభం కూడా వచ్చింది, అది దాచకూడదు. 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థ, అదే ఇప్పటి ఇఫ్లూ, ఉస్మానియా పక్కనే వచ్చింది. 1964లో క్యాంపస్‌లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలై, దేశం నలుమూలల నుంచి పరిశోధకులను రప్పించింది. తర్వాతి తరాలకు అమెరికా, గల్ఫ్ దారులు తెరుచుకున్నాయి. ఈరోజు కూడా ఉస్మానియాలో యెమెన్, ఇరాక్, సూడాన్, అఫ్ఘానిస్తాన్ పిల్లలు కనిపిస్తారు. ఈ దారులు ముందుగా అందింది మాత్రం అప్పటికే ఇంగ్లీషు వచ్చిన ఇళ్ళకు. ఉర్దూ మీడియం బడి దాటి రాలేని ఇళ్ళకు ఒక తరం ఆలస్యం అయింది.

ఇప్పుడు మన ముందున్నది

2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ భారతీయ భాషల్లో ఉన్నత విద్య అంటోంది. 2024లో యూజీసీ అస్మిత అనే ప్రాజెక్టు ప్రకటించింది. అయిదేళ్ళలో 22 భాషల్లో 22,000 పుస్తకాలు తేవాలన్నది లక్ష్యం. ఆ 22లో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. నీట్ పరీక్ష 2018 నుంచి ఉర్దూలో రాయొచ్చు. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ 1998 నుంచి నడుస్తోంది. ఇంకోవైపు 2023లో యూజీసీ విదేశీ యూనివర్సిటీల క్యాంపస్‌లకు నిబంధనలు తెచ్చింది, గుజరాత్ గిఫ్ట్ సిటీలో, గురుగ్రామ్‌లో క్లాసులు మొదలయ్యాయి. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియంలో నడుస్తున్నాయి. విదేశీ చదువుకు 20 లక్షల దాకా సాయం ఇచ్చే పథకం ఉంది. అదే సమయంలో పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది.

చూడండి, ఇవన్నీ ఒకేసారి వేర్వేరు దిక్కులకు లాగుతున్నాయి. భాష మీద ప్రేమతోనో, ఇంగ్లీషు మీద ఆశతోనో ఏదో ఒకటి పట్టుకుంటే సరిపోదు. ఉస్మానియా అనుభవం నుంచి నాకు మూడు విషయాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, ముందు పుస్తకం, తర్వాత క్లాసు. 1917లో వాళ్ళు పాటించిన వరుస ఇది, 1948 తర్వాత ఎవరూ పాటించని వరుస కూడా ఇదే. ఉర్దూలోనో తెలుగులోనో డిగ్రీ అని ఎవరైనా చెబితే, మూడేళ్ళకూ పుస్తకాలున్నాయా, చెప్పే సార్లున్నారా అని మనం అడగాలి. లేకపోతే మన పిల్లల మీద ప్రయోగం చేసినట్టే.

రెండోది, మారేవాళ్ళకు వంతెన కావాలి. ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లీషు డిగ్రీకి వచ్చే పిల్లలకు మొదటి ఆరు నెలలు రెండు భాషల్లో పాఠం, సబ్జెక్టు పదాలు మూడు భాషల్లో ఇచ్చే చిన్న పుస్తకం చాలు. దీనికి కోట్లు అక్కర్లేదు. అసెట్స్, లయబిలిటీస్, డెప్రిసియేషన్ అన్న మాటలు ఉర్దూలో ఏమంటారో పక్కన రాసి ఉంటే సగం భయం పోతుంది. దారుల్ తర్జుమా పెద్దలు ఆ పదాల కోసం ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఆ కష్టాన్ని మళ్ళీ వాడుకోవచ్చు. అప్పట్లో తెలుగును పక్కన పెట్టిన తప్పు మాత్రం ఈసారి చేయొద్దు. మన ఇళ్ళల్లో పిల్లలు రెండూ మాట్లాడుతున్నారు.

మూడోది, బయటి ప్రపంచంతో సంబంధం. రాస్ మసూద్ జపాన్ వెళ్ళింది నేర్చుకుని తిరిగి రావడానికి. పిల్లలను విదేశాలకు పంపే తల్లిదండ్రులు, వాళ్ళకు డబ్బిచ్చే ప్రభుత్వం, తిరిగొచ్చినవాళ్ళకు ఇక్కడ పని ఉందా అన్నది కూడా ఆలోచించాలి. లేకపోతే హమీదుల్లా కథే మళ్ళీ జరుగుతుంది, కారణాలు వేరైనా సరే.

ఇక చాచా ప్రశ్న. మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయినే అడిగాను, ఏం చదవాలని ఉందని. బీకాం అన్నది. ఇంగ్లీషు మీడియంలోనే పెట్టమన్నాను, ఎందుకంటే రేపు ఆడిట్ ఆఫీసులో, బ్యాంకులో కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. నా ఫస్టియర్ అకౌంట్స్ నోట్సు ఇచ్చాను. ఉర్దూ పదాలు పక్కన రాసుకోవడానికి మార్జిన్ వదిలే ఉంది. ప్రతి ఆదివారం జొహర్ తర్వాత ఒక గంట కూర్చుందామని అనుకున్నాం. మా గల్లీలోనే ఇలాంటి పిల్లలు ఇంకో నలుగురున్నారని వాళ్ళమ్మ చెప్పారు. వాళ్ళనూ రమ్మన్నాం.

యూనివర్సిటీలు చేయాల్సిన పని ఇది. అవి చేసేదాకా డిగ్రీ చదివిన మనం ప్రతి గల్లీలో ఒక్కొక్కరం కూర్చుంటే, ఏ పిల్లా కితాబ్ వల్ల ఫెయిల్ కాకుండా చూడొచ్చు.